ఆడమనిషి నడిపిన బండి

"చేతులు కడుక్కుని రావే. గోళ్ళకి రంగు కూడా వేసుకో. పోయినసారి ఫోటోలో బొటనవేలి మీద మిరపకాయ మసి కనబడింది," అన్నాడు స్పాస్ పెళ్ళాంతో, గేటు తీస్తూనే.

జ్లాత్కా పెరట్లో పొయ్యి పక్కన కూర్చుని, కాల్చిన లావు ఎర్ర మిరపకాయల తొక్కలు వలుస్తోంది. సెప్టెంబరు వచ్చిందంటే మా ఊరు మొత్తం పొగలో మునుగుతుంది. చలికాలపు పచ్చడి కోసం ప్రతి పెరట్లోనూ కాయలు కాలుతుంటాయి. ఆ పొగ ఎంత చిక్కగా ఉంటుందంటే, ఒక ఏడు మా పక్కింటాయన దానికి కోటు తగిలించి, గాలి వచ్చాక ఊరంతా వెతుక్కున్నాడని చెబుతారు. జ్లాత్కా వేలికొసలు నల్లబడి మండుతున్నాయి. ఎదురుగా బల్ల మీద అత్తగారు దోనా కూర్చుని, గింజ మిగిలిపోయిన కాయల్ని ఏరి కోడలి ముందుకు నెడుతోంది.

"వెళ్ళు కోడలా, వాడు పిలుస్తున్నాడుగా. ఇవి నేను చూస్తాలే," అందావిడ. ఆవిడ చూస్తానంటే చూస్తుంది, అంతే. తిరిగొచ్చేసరికి కాయలు అలాగే ఉంటాయి, ఆవిడ వాటిని చూస్తూ ఉంటుంది.

బల్గేరియాలో పాత కార్ల వ్యాపారం చేసే ఊళ్ళు చాలానే ఉన్నాయి గానీ మా ఊరి తరహా వేరు. ఇక్కడ అమ్మే ప్రతి కారునీ జర్మనీలో ఒక ముసలాయన, ఆదివారం చర్చికి వెళ్ళడానికి మాత్రమే వాడాడు. మావాళ్ళ మాట నమ్మితే ఆ దేశంలో ముసలాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు, చర్చి కూడా పక్కవీధి దాటి ఉండదు. స్పాస్ మేనమామ ఒకసారి కిలోమీటర్ల మీటరుని ఎంత వెనక్కి తిప్పాడంటే, ఆ బండి ఇంకా ఫ్యాక్టరీ నుంచే బయటకి రాలేదని కొనడానికి వచ్చినవాడు వాదించాడట. ఇప్పుడు జనం ముసలాయన కథ నమ్మడం మానేశారు. అందుకని స్పాస్ కొత్త కథ కట్టాడు. అది ఆడమనిషి కథ. ఆడమనిషి మెల్లగా నడుపుతుంది, సిగరెట్ తాగదు, బండిని వంటిల్లులా తుడుచుకుంటుంది. ప్రకటనలో జ్లాత్కా పేరు, జ్లాత్కా ఫోన్ నంబరు. ఫోటోలో స్టీరింగ్ మీద ఉంగరం పెట్టుకున్న జ్లాత్కా చెయ్యి.

జ్లాత్కాకి బండి నడపడం రాదు. పెళ్ళయిన కొత్తలో నేర్పమని అడిగింది. "నువ్వెక్కడికి పోవాలని? కొట్టు పక్కనే, అమ్మ ఇంట్లోనే," అన్నాడు స్పాస్. "మా అబ్బాయి నిన్ను ఎక్కించుకుని తిప్పడం లేదా ఏంటి?" అంది దోనా. ఆ తర్వాత జ్లాత్కా అడగలేదు. ఇప్పుడు వారానికో కొత్త స్టీరింగ్ పట్టుకుంటుంది, ఇంజను ఆపి ఉండగా.

బండి అరుగు ముందు నిలబెట్టి ఉంది. బూడిదరంగుది, ఇటలీ నుంచి తెచ్చింది. ముందు జ్లాత్కా బకెట్టుతో నీళ్ళు పోసింది. తడి మీద గీతలు కనబడవు. లోపల సీట్లు సబ్బుతో రుద్దింది, కాళ్ళకింద చాపలు ఉతికింది, దేవదారు నూనె చల్లింది. సొట్టపడ్డ తలుపు మీద చెట్టు నీడ పడే వేళ చూసి, ఎండ ఫోన్ మీద పడకుండా వంగి ఫోటో తీసింది. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి తీసుకునేటప్పుడు, అరిగిపోయిన బ్రేకు పెడలు ఫోటోలోకి రాకుండా జరిగింది. ఇదంతా ఆమెకి ఎవరూ నేర్పలేదు. అతిథులు వచ్చేటప్పుడు గోడ మీద చెమ్మ మరకకి అడ్డంగా బీరువా జరపడం ఆడదానికి పుట్టుకతో వచ్చిన విద్య.

"నీ చెయ్యి మంచి చెయ్యే. ఇంజను కంటే అదే ఎక్కువ లాగుతుంది," అన్నాడు స్పాస్, మెచ్చుకుంటున్నట్టే.

ఆ బండి కథ ఇంట్లో అందరికీ తెలుసు. ఇటలీ ఆసామి స్పాస్‌ని చాలాసేపు ఏదో అడిగాడు. భాష రాక స్పాస్ తల పైకీ కిందకీ ఊపాడు. మా దగ్గర అలా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని. అక్కడ తలకిందులు. ఆసామి నవ్వి, భుజం తట్టి తాళాలిచ్చాడు. ఇంటికి తెచ్చి సీటు ఎత్తి చూస్తే కింద పట్టాలు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. బండి వరదలో మునిగింది. ఆ మనిషి చెప్పింది అదే, ఫర్వాలేదా అని అడిగింది కూడా అదే. స్పాస్ పెరట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి, "నాకు అంటగట్టాడు, నేనూ ఎవరికో అంటగడతాను. లోకం ఇలాగే తిరుగుతుంది," అన్నాడు. అమ్మిన ప్రతి బండి ముందూ ప్రయాణం నీళ్ళలా సాగాలని దోనా చెంబెడు నీళ్ళు పోస్తుంది. "దీనికి నీళ్ళు బాగానే పోశారులే అమ్మా," అన్నాడు స్పాస్. ముగ్గురూ నవ్వారు. జ్లాత్కా కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో మిరపగింజలా అడ్డం పడి ఉంది.

నేను అబద్ధం చెప్పలేదు కదా అనుకుంటుంది ఆమె, బట్టలు ఆరేస్తూ, పిండి పిసుకుతూ, రాత్రి స్పాస్ గురక వింటూ. నేను నీళ్ళు పోశాను, నీడ చూసుకున్నాను, చెయ్యి పెట్టాను, అంతే. ఫోటోలో చెయ్యి పెట్టడం పాపమా? కానీ పోయిన శీతాకాలంలో ఒక పెద్దావిడ ఇలాగే కొన్నది. నీ చేతుల్ని చూసే నమ్మానమ్మా అని బస్సు డ్రైవరుతో సీసాడు గులాబీ మురబ్బా పంపింది. తర్వాత కనుమ దారిలో, మంచులో ఆ బండి ఆగిపోయి, ఆవిడ తెల్లవార్లూ అందులోనే కూర్చుందని తెలిసింది. "మంచు కురిపించింది నేనా?" అన్నాడు స్పాస్. ఆవిడ కాళ్ళ వేళ్ళు ఆ చలికి ఏమయ్యాయో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. జ్లాత్కా కూడా. మురబ్బా సీసా మూత తీయలేక, పారేయలేక బీరువా వెనక్కి నెట్టింది. స్పాస్‌ని తప్పు పట్టబోతే, ఇంట్లో వెలిగే దీపం, తను తినే రొట్టె, ఒంటి మీద కోటు అన్నీ ఆ బండ్లవే. తప్పు పట్టకుండా ఉండబోతే ఆ పెద్దావిడ. ఎటు తిరిగినా తనే దోషి.

ప్రకటన పెట్టిన మర్నాడు ఫోన్ మోగింది. స్పాస్ రైల్వేస్టేషను దగ్గర ఎవరినో కలవడానికి వెళ్ళాడు. దోనా అరుగు మీద కునికిపాట్లు పడుతోంది.

"అక్కా, నా పేరు దెనిత్సా. రొదోపీ కొండల్లో పల్లెల వెంట తిరిగే నర్సుని. మీ బండి ఫోటోలు చూశాను."

"మా ఆయన లేరమ్మా, సాయంత్రం..."

"వద్దక్కా. ఆయనతో కాదు. మీతోనే మాట్లాడాలి. మగాళ్ళు నాకు బండ్ల గురించి చెప్పి చెప్పి చెవులు దిబ్బడేశాయి. మా బావేమో ఫోటో చూసి బండి కొనేది పిచ్చిది అంటున్నాడు. కానీ చూడ్డానికోసారి, కొనడానికోసారి అంత దూరం రావడానికి నాకు సెలవెక్కడిది? రేపొక్కరోజు వస్తాను, తీసుకునే వెళ్ళాలి. సోమవారం నుంచి మా ఇద్దరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని కనుమ దిగాలి. మీరు నడిపారు కదా. దిగుడులో బ్రేకు ఎలా పడుతుంది?"

ఇన్నాళ్ళూ ఫోటోలే మాట్లాడాయి, ఫోన్ వస్తే జ్లాత్కా స్పాస్‌కి ఇచ్చేసేది. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. బాగానే పడుతుంది అంటే చాలు. ఒక్క మాట. స్పాస్ ముఖం గుర్తొచ్చింది, సీటు ఎత్తినప్పటి ముఖం, మోసపోయిన పసివాడి ముఖం. ఈ బండి అమ్ముడుపోకపోతే ఈ చలికాలం ఎలా గడుస్తుందో ఆమెకి తెలుసు. పరాయిదానికోసం సొంత మొగుడి కడుపు కొడతావా అని దోనా అనబోయే మాట ముందే చెవిలో పడింది.

"అక్కా? లైన్లో ఉన్నారా?"

"నాకు బండి నడపడం రాదమ్మా," అంది జ్లాత్కా.

అవతల ఏదో కోడి అరిచింది.

"మరి ఫోటోలో చెయ్యి?"

"చెయ్యి నాదే."

"ఇంకేం దాచారు?"

జ్లాత్కా నోటికి చెప్పే అలవాటు లేదు. బండి తలుపు తీసి వెనక సీట్లో కూర్చుని, సీటు బెల్టుని పట్టుకుని చివరంటా లాగింది. ఎవరూ అంతవరకూ లాగరు, ఎవరూ అక్కడ కడగరు. బెల్టు నలుపు ఒకచోట ఆగిపోయి, అక్కడి నుంచి ఎండిన బురద రంగు మొదలైంది. ఆ గీతని ఎండలో పట్టుకుని ఫోటో తీసింది. నీడ చూసుకోలేదు. పంపింది.

"ఈ గీత ఏంటక్కా?"

"అక్కడిదాకా నీళ్ళొచ్చాయి. ఇకమీదట ఎవరి బండి కొన్నా ఈ ఫోటో అడుగు. ఇవ్వనంటే కొనకు."

దెనిత్సా థాంక్స్ అనలేదు. కోపంగానూ లేదు. ఊరికే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"నా ముందు కొన్నవాళ్ళు ఇలా అడగలేదా అక్కా?"

"అడగలేదు."

"అడిగితేనే చెప్తారా?"

ఫోన్ పెట్టేసింది. జ్లాత్కా బెల్టు వదలకుండా అక్కడే కూర్చుంది. ఒక మంచిపని చేసినట్టు తేలిగ్గా ఉంటుందనుకుంది. ఉండలేదు. ఉన్న బరువు మీద ఇంకో బరువు పెట్టినట్టుంది.

స్పాస్ వచ్చేసరికి పొద్దు వాలింది. టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఒక కాయ నోట్లో వేసుకున్నాడు.

"ఎవరైనా అడిగారా?"

"ఒకమ్మాయి అడిగింది. నర్సు."

"ఎప్పుడొస్తుందంట?"

"రాదు. బండి వరదలో మునిగిందని చెప్పాను."

దోనా కళ్ళు తెరిచింది. స్పాస్ నమలడం ఆపాడు.

"నీకు మతిపోయిందా? చలికాలం ఏం తింటావే?"

"ఏమో. పోయిన శీతాకాలం కొన్న పెద్దావిడకి కూడా రేపు ఫోన్ చేస్తాను. నా పేరు, నా నంబరు తీసెయ్, లేకపోతే ఎవరడిగినా ఇలాగే చెప్తాను," అంది జ్లాత్కా. తప్పు చేసినదానిలా తల దించుకునే అంది. కానీ అంది.