పొగ రాని కుంపటి

నేను ఒక కుంపటిని. పుట్టుకతో బకెట్టును. అడుగు తుప్పుపట్టి నీళ్లు నిలవకపోతే, ఒక కమ్మరి నా పొట్టకు కన్నం పెట్టి, లోపల బంకమట్టి మెత్తి, నడుమ ఇనుప జల్లెడ అమర్చాడు. నీళ్లు మోసినన్నాళ్లు నన్నెవరూ పట్టించుకోలేదు. నిప్పు మోయడం మొదలుపెట్టాక అందరూ చేతులు చాచుకుని నా చుట్టూ చేరారు.

నన్ను కొన్నది విశాఖ సముద్రం ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే నూకరత్నం. ఆమె భర్త పైడిరాజు పొత్తులు ఒలిచేవాడు, ఆమె విసనకర్రతో విసిరేది. నాలోంచి వచ్చే చెడునంతా సముద్రపు గాలి ఎత్తుకుపోయేది. అలాంటి చెడు ఒకటుందని మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రాజుకునేటప్పుడు నేను పొగ కక్కితే మనుషులు కళ్లు నులుముకుని తిడతారు. బొగ్గులు ఎర్రబడి పొగ ఆగాక, మంచి కుంపటి అని మెచ్చుకుంటారు. గాలి ఆడని చోట ఆ ఎర్రటి బొగ్గులే చప్పుడు చేయకుండా మనిషి ఊపిరి తీసేస్తాయి.

మన్యం కొండల మీద మబ్బులు కాళ్ల కింద నడుస్తాయని పొత్తులు కొనేవాళ్లు చెప్పుకునేవారు. పైడిరాజుకు ఆ మాట పట్టుకుంది.

"మబ్బులు సూడ్డానికి అంత దూరమేటి మావా? తలెత్తితే కనపడవేటి?" అంది నూకరత్నం.

"ఇన్నాళ్లూ తలెత్తే సూసినాం. ఓపాలి తలొంచి సూడాలనుందే."

ఆమె నవ్వి, నన్నూ ఒక సంచెడు బొగ్గులనూ మూటగట్టింది.

కొండ మీద గోవిందు అనే అతను డేరాలు అద్దెకిస్తాడు. మేం దిగేసరికి మధ్యాహ్నం. మబ్బుల జాడ లేదు, ముసురు పట్టి ఉంది. నూకరత్నం డేరా ముందర నన్ను రాజేసి ఎండుచేపల పులుసు ఎక్కించింది. అది మరగకముందే చినుకులు నాలో పడి చుయ్‌మన్నాయి.

"లోపలెట్టీయే," అన్నాడు పైడిరాజు.

"పొగకి సచ్చిపోతాం మావా."

"పొగేదే? సూడు, నిప్పులు తప్ప ఏటీ నేదు."

ఆమె వంగి చూసింది. నిజంగానే పొగ లేదు. గుడ్డతో పట్టుకుని నన్ను లోపల పెట్టింది. చలిగాలి దూరుతోందని అతను డేరా జిప్పు కిందిదాకా లాగేశాడు.

పులుసు ఉడికింది, తిన్నారు. అతనికి తల దిమ్మెక్కింది. "ఆ మలుపుల బస్సులో ఇంకా తిరుగుతున్నట్టే ఉందే," అన్నాడు. ఆమెకూ కడుపులో తిప్పింది. "ఎనక సీట్లో కూకోవద్దంటే ఇన్నావా?" అని ఎత్తిపొడిచింది. పాపం, ఇద్దరూ ఆ బస్సునే తిట్టుకున్నారు. కాసేపు నడుం వాలుద్దామని నాకు చెరో పక్కన పడుకున్నారు. పొగ ఉండి ఉంటే దగ్గి లేచేవారు. నేను ఎర్రగా, శుభ్రంగా మండుతూనే ఉన్నాను.

వాన తెరిపిచ్చాక మబ్బులు దిగాయి. చూద్దురు రండని పిలవడానికి వచ్చిన గోవిందు, వాళ్లు ఎంతకీ పలక్కపోతే జిప్పు తీశాడు. జిప్పు కింది సందు దగ్గర ముఖం పెట్టి పడుకున్న నూకరత్నం బయటికి లాగితే ఊపిరి పీల్చింది. పైడిరాజు పీల్చలేదు. అతణ్ణి గడ్డి మీద పడుకోబెట్టారు. లోయ నిండా మబ్బులు అతని కాళ్లకు కిందుగా పరుచుకుని ఉన్నాయి.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన గోవిందు తన భార్యతో చెబుతుంటే విన్నాను. మూసిన డేరాలో బొగ్గులైనా గ్యాసైనా వెలిగిస్తే ఇంతేనన్నాడట డాక్టరు. నూకరత్నం మాత్రం, "పొగ నేదు గదండీ?" అని ఒక్కటే మాట, కనపడిన ప్రతివాణ్ణీ అడుగుతోందట.

నా కోసం ఆమె రాలేదు. చలికాలం వచ్చేవాళ్లంతా కుంపటి అడుగుతారని గోవిందు నన్ను ఉంచేసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఎవరికిచ్చినా, "డేరా లోపలికి మాత్రం తీసుకెళ్లకండి," అని చెబుతాడు. వాళ్లూ తలూపుతారు.

ఇవాళ కొత్తగా పెళ్లయిన జంట దిగింది. గోవిందు చెప్పాడు, వాళ్లు తలూపారు, అతను వెళ్లిపోయాడు. ఇప్పుడు చినుకులు మొదలయ్యాయి. ఆ అమ్మాయి నా మీదికి వంగి చూస్తోంది.

"పొగేం లేదండీ," అంటోంది లోపలున్న అతనితో.

గుడ్డ చుట్టుకున్న రెండు చేతులు నన్ను ఎత్తుతున్నాయి.