ఆపితే ఆగని బొమ్మ

కాజాల పిన్నికి ఆ వీసీఆర్ మీద ఉన్న కోపం ఒక్కటే. ఆపితే ఆగి ఉండదు.

మిగతా అన్నిటికీ ఆవిడ దానితో ఎప్పుడో రాజీ పడిపోయింది. ఇంటికి తెచ్చిన రోజున దాని మొహం నిండా బొత్తాలు చూసి, "ఇదేంటయ్యా, వీటన్నిటికీ కాజాలు నన్నే కుట్టమంటావా?" అని మొగుణ్ణి ఆడిపోసుకున్న మాట నిజమే. ఆవిడ పొద్దు పొడిచింది మొదలు కిటికీ పక్కన స్టూలేసుకుని చొక్కాలకు కాజాలు కుడుతూ ఉంటుంది. దర్జీ దుకాణాలవాళ్ళు చొక్కాలు కట్టలు కట్టలుగా తెచ్చి పడేసి పోతారు. అందుకని ఆ మేడలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ కాజాల పిన్ని. ఆవిడ మొగుడు కారే కుళాయిలు, పగిలిన పైపులు బాగుచేస్తాడు గనక కుళాయిల బాబాయి. వాళ్ళకు అమ్మానాన్నలు పెట్టిన పేర్లేమిటో అడిగితే వాళ్ళే ఓ క్షణం ఆలోచించి చెప్పాలి.

బాబాయికి ఏ వస్తువైనా ఎన్ని పనులు చేస్తే అంత ముద్దు. ఉన్నవాటిలోకెల్లా ఎక్కువ హంగులున్న మెషీనే కావాలని దుకాణంలో పట్టుబట్టి తెచ్చాడు. "మనం ఇంట్లో లేకపోయినా టీవీలో వచ్చేది దానంతటదే పట్టేసుకుంటుందే. బొమ్మను నెమ్మదిగా నడిపిస్తుంది, వెనక్కి నడిపిస్తుంది, మధ్యలో నిలబెడుతుంది" అని వల్లించాడు.

"నిన్ను కూడా కాసేపు ఒక్కచోట నిలబెడుతుందేమో కనుక్కో" అంది పిన్ని.

ఆ సాయంత్రమే జరిగింది అసలు విషయం. ఆ పొద్దున ఏటి మీద కొత్త వంతెన తెరిచారు. పిన్ని, వాళ్ళక్క కలిసి చూడ్డానికి వెళ్ళి, జనంలో నలిగి, కాళ్ళు పీకుతూ తిరిగొచ్చారు. అక్క తన ఇంటికి తను వెళ్ళిపోయింది. సాయంత్రం వార్తలు వస్తుంటే బాబాయి కొత్త మెషీన్ పరీక్షించడానికి ఎర్ర బొత్తం నొక్కాడు. వార్తల్లో వంతెన వచ్చింది. కత్తెర పట్టుకున్న పెద్దమనిషి వచ్చాడు. జనం వచ్చారు. ఆ జనం మధ్య గళ్ళ శాలువా కప్పుకుని, పక్కకు తిరిగి ఉన్న అక్క చటుక్కున ఇటు తిరిగింది. మొహం నిండుగా టీవీలో పడింది. పిన్ని పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు కాగే నీళ్ళేవో మీద ఒలికాయనుకున్నారు.

ఎందుకు కేక పెట్టిందంటే, అక్క జన్మలో ఫొటో దిగిన మనిషి కాదు. కెమెరా కనిపిస్తే చాలు, శాలువా చెంగు మొహానికి అడ్డం వచ్చేది, లేకపోతే వంటింట్లో పని గుర్తొచ్చేది. పిన్ని పెళ్ళి ఫొటోలన్నీ గాలించినా అక్కది ఒక మోచెయ్యి దొరుకుతుందంతే. తల్లి పోయాక పిన్నిని ఎత్తుకుని పెంచిన చెయ్యి అది. అక్క ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. బట్టల సోడా నీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి వచ్చేవి. ఆ వేళ్ళతోనే చెల్లెలికి జడ వేసేది. మొట్టమొదటి కాజా కుట్టడం నేర్పింది కూడా ఆవిడే.

టేపు వేసి చూపిస్తే అక్క తిట్టిపోసింది. "ఆపెయ్యవయ్యా మరిదీ, ఆ మొహం చూడు, వడదెబ్బ తగిలిన గుమ్మడికాయలాగ" అని. బాబాయి నవ్వుతూ ఆపేశాడు. టేపు మాత్రం చెరపలేదు.

మరుసటి ఏడు అక్కకు జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేరింది. తగ్గినట్టే తగ్గింది. పిన్ని చొక్కాల కట్ట అప్పజెప్పి ఆస్పత్రికి వెళ్ళేసరికి మంచం ఖాళీ చేసి, దుప్పటి మార్చేసి ఉంది.

ఇక అప్పట్నించి మొదలైంది. బాబాయి పనికి వెళ్ళగానే పిన్ని టేపు పెట్టేది. వంతెన, కత్తెర, జనం. అక్క ఇటు తిరగ్గానే బొటనవేలు పడేది రిమోటు మీద. అక్క నిలబడిపోయేది. పిన్ని ఎదురుగా కూర్చుని కాజాలు కుట్టుకుంటూ కబుర్లు చెప్పేది. దర్జీ ఎంత పిసినారో, కింది వాటాలో ఉండే నర్సమ్మ కూతురు ఎంత పొడుగైందో, బాబాయి మోకాలు నొప్పి ఎలా ఉందో. నాలుగు మాటలు పూర్తయ్యేసరికి మెషీన్ లోపల టక్కుమనేది. అక్క మాయమై తెర నీలంగా అయిపోయేది. పిన్ని వెనక్కి తిప్పేది, మళ్ళీ ఆపేది. మళ్ళీ టక్కు.

"నీ దుంప తెగ, రెండు నిమిషాలు ఉండనియ్యవుగా" అని తిట్టేది దాన్ని.

కొన్నాళ్ళకు అక్క మొహం మీద తెల్ల గీతలు మొదలయ్యాయి. పిన్ని టీవీ అద్దం తుడిచింది. తర్వాత గీతలు చుక్కలయ్యాయి, చుక్కలు మంచు కురిసినట్టు అయ్యాయి. గాలికి యాంటెన్నా తిరిగి ఉంటుందని, ఏ బొమ్మో చెప్పకుండా, బాబాయిని డాబా మీదకు ఎక్కించింది. ఆయన కడ్డీ తిప్పుతూ "ఇప్పుడెలా ఉందే?" అని అరిస్తే, కిటికీలోంచి తల పెట్టి "కాస్త మేలు" అనేది. మేలేమీ లేదు. మోకాలి నొప్పి మనిషిని ఎండలో నిలబెట్టలేక అలా అనేది. క్యాసెట్లో బొమ్మకీ డాబా మీది కడ్డీకీ ఏ సంబంధమూ లేదని ఆవిడకు తట్టలేదు. టీవీలో మిగతావన్నీ బాగానే వస్తున్నాయి కదా అని అన్ని పనులూ తెలిసిన బాబాయికీ తట్టలేదు, అదీ విశేషం.

అలా ఉండగా, టీవీల దుకాణాయన కబురు పెట్టాడు. కంపెనీ నుంచి ఒకాయన వస్తున్నాడు, ఆ మెషీన్ కొన్నవాళ్ళు దాని మంచిచెడ్డలు చెబితే వింటాడట, టీ బిస్కెట్లు కూడా ఉన్నాయట. బాబాయి ఎక్కడో పగిలిన పైపు పనికి వెళ్ళాల్సొచ్చింది. పిన్ని నర్సమ్మను తోడు తీసుకుని వెళ్ళింది. నర్సమ్మ ఇంట్లోనూ అదే మెషీన్.

దుకాణంలో కుర్చీలు గుండ్రంగా వేశారు. ముందుగా సెలూనాయన అందుకున్నాడు.

"మెషీన్ బంగారం అండీ. దాన్ని సెలూన్లో పెట్టడమే నేను చేసిన తప్పు. క్రాపు అయిపోయినా ఒక్కడూ లేవట్లేదు. సినిమా అయ్యేదాకా గడ్డం కూడా చేయించుకుంటున్నారు, ఉన్నా లేకపోయినా."

"మరి లాభమే కదండీ" అన్నాడు కంపెనీ ఆయన.

"లాభమే, కానీ రిమోటులోకి జుట్టు దూరిపోయిందండీ. సౌండు బొత్తం నొక్కితే సినిమా వెనక్కి పోతోంది. చచ్చిపోయిన విలను లేచి కూచుంటున్నాడు."

అందరూ నవ్వారు. తర్వాత నర్సమ్మ చెప్పింది. "నాకు టైమరు లేకపోతే బతుకు లేదు బాబూ. నేను డ్యూటీలో ఉంటే నా సీరియల్ అదే పట్టి పెడుతుంది. ఇంట్లో మాట వినే ప్రాణి అదొక్కటే. అయితే కరెంటు పోయొస్తే మాత్రం గడియారం సున్నాలు వేసుకుని కళ్ళార్పుతూ కూచుంటుంది. దానికి మళ్ళీ టైము నేర్పడం, పసిపిల్లలకు మందు తాగించడం ఒకటే."

పిన్ని వంతు వచ్చింది. పైట సర్దుకుంది, గొంతు సవరించుకుంది. "నాకు టైమర్లూ అవీ తెలీవు నాయనా. నాకు కావాల్సింది ఆ బొమ్మను నిలబెట్టే బొత్తం ఒక్కటే. అదే సరిగ్గా లేదు. ఆపితే కాసేపుండి దానంతటదే వదిలేస్తుంది. ఎన్నిసార్లని ఆపను? ఇంత డబ్బు పోసి కొన్నది, చెప్పినంతసేపు నిలబెట్టొద్దూ?"

కంపెనీ ఆయన నెమ్మదైన మనిషి. తల ఊపి, "అది లోపం కాదమ్మా, మేమే అలా పెట్టాం" అన్నాడు. దుకాణాయన్ని అడిగి, పైమూత తీసి ఉన్న ఒక మెషీన్ దగ్గరకు పిన్నిని తీసుకెళ్ళాడు. లోపల గిన్నెలా గుండ్రంగా మెరుస్తున్నదాన్ని చూపించాడు. "ఇది గిర్రున తిరుగుతూ టేపును రాసుకుంటేనే బొమ్మ వస్తుందమ్మా. మీరు ఆపినప్పుడు టేపు ఆగుతుంది, ఇది మాత్రం ఆగదు. ఆ ఒక్కచోటే రుద్దుతూ ఉంటుంది. ఎక్కువసేపు రుద్దితే అక్కడ బొమ్మ అరిగిపోతుంది. అందుకని కాసేపటికి అదే వదిలేస్తుంది."

పిన్ని ఆ గిన్నెకేసి వంగి చూసింది. "అరిగితే తెల్లగీతలు పడతాయా నాయనా?"

"పడతాయమ్మా. తర్వాత మంచులాగ వస్తుంది."

"అరిగిపోయింది మళ్ళీ వస్తుందా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "రాదమ్మా. మిగిలింది నిలబెట్టుకోవచ్చు. రెండు మెషీన్లు కలిపి కొత్త టేపులోకి ఎక్కించుకోండి. మధ్యలో మాత్రం ఆపకూడదు. మొదలుపెడితే తిన్నగా పోనివ్వాలి."

పిన్ని టీ ముట్టుకోలేదు. మెట్ల దగ్గర నర్సమ్మ చెయ్యి పట్టుకుని, "నేనే చెరిపేశానటే దాన్ని, చూసి చూసి" అంది. నర్సమ్మ ఆ చేతిని అలాగే పట్టుకుని నిలబడింది.

ఆ రోజునించి పిన్ని టేపు పెట్టలేదు. కాజాలు కుడుతుంటే బొటనవేలు ఊరికే కదిలేది. దర్జీ మీద కోపం వచ్చేది, చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు. గళ్ళ చొక్కా ఏదైనా కట్టలో వస్తే దాన్ని అడుగున పెట్టేసేది. నల్లటి తెరలో కిటికీ, కిటికీ పక్కన స్టూలు మీద తనూ కనిపించేది. ఒక మధ్యాహ్నం రిమోటు తీసుకెళ్ళి పప్పుల డబ్బాల వెనక దాచింది. సాయంత్రం బాబాయి వెతికి వెతికి అక్కడ పట్టుకున్నాడు.

"ఏమే, మీ అక్క రావడం మానేసిందా?" అన్నాడు.

పిన్ని ఉలిక్కిపడింది. "నీకెలా తెలుసు?"

"రోజూ నేనొచ్చేసరికి టీవీ వీపు పెనంలా కాలుతుండేది. పాపం ఎవరితోనో మాట్లాడుకుంటోందిలే అనుకున్నాను."

అప్పుడు చెప్పింది పిన్ని, గిన్నె సంగతి, గీతల సంగతి. బాబాయి మోకాలు రుద్దుకున్నాడు. "ఆ కడ్డీ తిప్పిందంతా దండగేనన్నమాట" అన్నాడు. పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆదివారం నర్సమ్మ తన మెషీన్ ఒళ్ళో బిడ్డలా పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. బాబాయి రెండింటికీ వైర్లు కలిపాడు. పైపులు బిగించే అలవాటు కొద్దీ ప్రతి ప్లగ్గూ బలంగా తిప్పబోతే, "బాబాయ్, ఇది కుళాయి కాదు, ఊరికే గుచ్చితే చాలు" అని నర్సమ్మ ఆపింది. కొత్త క్యాసెట్ పెట్టారు. రిమోటు ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చింది.

"నాకివ్వకండి" అంది పిన్ని. "నా వేలు నా మాట వినదు."

రిమోటు నర్సమ్మ తీసుకుంది. పిన్ని స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది, బళ్ళో పిల్లలాగ.

వంతెన వచ్చింది. కత్తెర వచ్చింది. జనం వచ్చారు. గళ్ళ శాలువా తిరుగుతోంది. తిరిగింది. ఆ మొహం ఉండవలసిన చోట తెల్లగా ఎగిరిపడుతున్న మంచు. నుదురు కొంచెం, చెవి పక్క వెంట్రుకలు కొంచెం. పిన్ని బొటనవేలు తొడ కింద నొక్కుకుపోయింది. ఇంకా పోయిందా, ఇంకాస్త ఉండేదే మొన్నటిదాకా, ఒక్కసారి ఆపితే ఎంత మిగిలిందో చూసుకోవచ్చు. "నర్సమ్మా" అంది. నర్సమ్మ ఇటు చూసింది. పిన్ని తల అడ్డంగా ఊపి నోరు మూసుకుంది.

బొమ్మ ముందుకు పోయింది.

మంచు ఒక్కసారిగా విడిపోయింది. అక్కడినుంచి టేపు కొత్తదానిలా ఉంది. అక్కడ ఎవరూ ఆపలేదు, ఎవరూ రుద్దలేదు. ఆ చోటికి చేరకముందే పిన్ని ఎప్పుడూ వెనక్కి తిప్పేసేది. మొదటిసారేమో తన కేకలో తనే ఏమీ చూసుకోలేదు. ఇప్పుడు చూస్తే అక్క మొహం కడిగిన పళ్ళెంలా స్పష్టంగా ఉంది. ఆ కళ్ళు కెమెరాను చూడటం లేదు. జనం తలల మీదుగా, భుజాల సందుల్లోంచి, కంగారుగా ఎవరినో వెతుకుతున్నాయి.

పిన్నికి గుర్తొచ్చింది. ఆ తోపులాటలో చెప్పు తెగి, తను వంగి దాన్ని వెతుక్కుంటూ వెనకబడిపోయింది. లేచి చూసేసరికి అక్క పక్కనే ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఆవిడ చెప్పలేదు, తను అడగలేదు.

తెర మీద అక్క మునివేళ్ళ మీద లేచింది. నోరు తెరిచి పిలిచింది. పైన వార్తలు చదివే ఆయన గొంతు వంతెన పొడవు గురించి చెబుతోంది, అక్క మాట వినపడదు. వినపడనక్కర్లేదు. ఆ నోరు అలా గుండ్రంగా మొదలై పక్కలకు సాగితే వచ్చే పిలుపు లోకంలో ఒక్కటే. బుజ్జీ. జడ వేయడానికీ, అన్నానికీ, దీపాలవేళ వీధి చివరనుంచీ పిలిచే పిలుపు. అక్క పోయాక ఆ పేరుతో పిన్నిని పిలిచినవాళ్ళు లేరు.

"వస్తున్నా అక్కా" అంది పిన్ని, మామూలు గొంతుతో, పక్కగదిలో మనిషికి చెప్పినట్టు.

తెర మీద అక్క మొహంలో కంగారు పోయింది. ఎవరో కనిపించినట్టుంది. తిట్టడానికి సిద్ధమవుతూ నవ్వింది. శాలువా భుజం మీదికి లాక్కుని, జనాన్ని తోసుకుంటూ ఆ వైపుకు నడిచి, తెర అంచు దాటి వెళ్ళిపోయింది.

వంతెన అయిపోయింది. ఎక్కడో గిడ్డంగి తగలబడిన వార్త వచ్చింది. ఆటల వార్తలు వచ్చాయి. "పిన్నీ, ఎక్కేసింది, ఇక ఆపనా?" అని నర్సమ్మ మెల్లగా అడిగింది.

"ఉండనీ" అంది పిన్ని. తొడల కిందనుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కొన్నేళ్ళ కిందటి వాతావరణం చెబుతున్నారు. రేపు ఆకాశం మబ్బుగా ఉంటుందట, అక్కడక్కడ జల్లులు పడవచ్చట. ముగ్గురూ చివరిదాకా విన్నారు.