పదకొండు ముగింపులు

మూడో పుస్తకం వెన్నుకు జిగురు పట్టించి, అట్టల మధ్య సర్ది, ప్రెస్సు చక్రాన్ని రెండు చేతులతో బిగించేసరికి బైండరమ్మ భుజం కలుక్కుమంది. జిగురు ఆరడానికి గంట పడుతుంది. ఆ గంట ఆమె సొంతం. చిరిగినవీ, చెదలు తిన్నవీ, వాన నీళ్ళకు ఉబ్బినవీ, లైబ్రరీ వెనకగదికి ఏది మరమ్మతుకొస్తే అది, ఇరవయ్యారేళ్ళుగా ఆ గంటలో చదువుతూనే ఉంది. చదవబోయే ముందు వేళ్ళకంటిన జిగురును గోటితో ఒలుచుకోవడం ఆమె అలవాటు.

ఆ గదికి వచ్చే నవలల్లో సగానికి ఆఖరి పేజీలుండవు. "చివరి పేజీలు లేవు" అని చీటీ అంటించి బైండు చేసెయ్యడం పద్ధతి. మూడేళ్ళ కిందట ఒక నవల ఆమెకు నిద్ర లేకుండా చేసింది. పడవ బోల్తాపడి నీళ్ళలో పడ్డ మనిషి ఏమయ్యాడో తెలియకుండా చీటీ ఎలా అంటించడం? తెల్లకాగితాల మీద గుండ్రటి అక్షరాలతో నాలుగు పేజీలు రాసి, అతణ్ణి ఒడ్డుకు చేర్చి, మిగతా కాగితాలతో కలిపి కుట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఇంకో నవల, ఆ తర్వాత ఇంకోటి. ఆమె చేతిలో ఇంతవరకూ ఎవరూ చావలేదు. అలాంటివి ఇప్పటికి పదకొండయ్యాయి.

సొంత కథ మాత్రం ఒక్కటీ లేదు. నోట్‌బుక్కు తియ్యడం, తేదీ వెయ్యడం, ఆ తేదీకేసి చూస్తూ కూర్చోవడం, ఈలోగా జిగురు ఆరిపోవడం. ఉత్సాహం వచ్చినప్పుడు రాద్దామని కూర్చుంటే అది ఈ జన్మకు రాదని గ్రహించి, రోజుకో గంట అని నియమం పెట్టుకుంది. నియమం నిలిచింది గానీ వాక్యం నిలవలేదు. రాసిన ప్రతి మొదటి వాక్యమూ ఎక్కడో చదివినట్టే ఉండేది. వెతికితే చాలాసార్లు నిజంగానే ఆ అరల్లో దొరికేది.

ఎప్పటికో ఒకప్పటికి రాస్తానులే అనుకోవడానికి ఇప్పుడు వ్యవధి లేదు. తల్లి పోయాక తనను పెంచిన అక్క, పద్నాలుగేళ్ళు పెద్దది, మంచం పట్టింది. డాక్టరు వారం అన్నాడు. అని నాలుగు రోజులైంది. పొద్దున దుప్పటి మారుస్తుంటే అక్క అడిగింది.

"కథ ఎంతవరకొచ్చిందే?"

"ఇంకా మొదలవలేదక్కా," అని చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"నువ్వు పుట్టడమే ఎదురుకాళ్ళతో పుట్టావు. నీకు మొదలెట్టడం ఎక్కడొస్తుంది?" నవ్వబోయి దగ్గింది. దగ్గు సర్దుకున్నాక, "సగమైనా సరే వినిపించు. ఊరందరి పుస్తకాలూ చదివి పెట్టావు. నీదొక్కటి వినకుండా పొమ్మంటావా?" అంది.

ఆ మాట భుజం నొప్పికంటే ఎక్కువగా సలుపుతోంది. బైండరమ్మ నోట్‌బుక్కు తీసి తేదీ వేసింది.

అప్పుడే లైబ్రేరియన్ తలుపు తోసుకుని వచ్చాడు. అతని వెనక, రోజూ పదింటికల్లా పేపర్ల బల్ల దగ్గర చేరే రిటైరైన కండక్టరు. చేతిలో పడవ నవల ఉంది.

"ఇందులో వాడు ఒడ్డుకొచ్చాడమ్మా," అన్నాడు కండక్టరు. "మా తమ్ముడింట్లో ఇదే పుస్తకం చిరక్కుండా ఉంది. అందులో మునిగి చచ్చిపోయాడు. ఏది నిజం?"

లైబ్రేరియన్ చేతిరాత పేజీలు తెరిచి పట్టుకున్నాడు. కేకలేసే మనిషి కాదు. కేకలేసి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

"ఇవి మీరు రాసినవేనా, బైండరమ్మా?"

"నేనేనండి."

"ఇంకా ఎన్నిట్లో ఉన్నాయి?"

అబద్ధమాడదామనుకుంది. నోట్లోంచి, "దీంతో కలిపి పదకొండండి," అనే వచ్చింది.

"ఒకరు రాయనిది వాళ్ళ పేరు మీద ఉండకూడదు కదమ్మా. సాయంత్రంలోగా అన్నీ తీసెయ్యండి. పైవాళ్ళ దాకా వెళ్ళకుండా నేను చూసుకుంటాను."

అతను వెళ్ళాక కూడా కండక్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు. "నేను ఫిర్యాదుకి రాలేదమ్మా. వాడు బతికాడని రెండేళ్ళు హాయిగా ఉన్నాను. తమ్ముడింట్లో చదివాక మనసు పాడైపోయింది. ఎవర్నైనా అడుగుదామనిపించింది, అంతే." ఆమె కత్తి అందుకుంది. అతను పేపర్ల బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమంతా కోత పనే. పదకొండు పుస్తకాలూ తెచ్చుకుని, కుట్లు విప్పి, తన పేజీలను తన కత్తితోనే వేరుచేసింది. కొన్నిటి మీద టీ మరకలున్నాయి, కొన్నిటికి మూలలు మడతపడ్డాయి. ఏడో పుస్తకంలో, ఆమె రాసిన ఆఖరి పేజీ అంచున ఎవరో పెన్సిలుతో "అమ్మయ్య" అని రాసుకున్నారు. ఆమె ఆ పేజీనీ కోసింది. చీటీలన్నీ అంటించాక ఏడుపొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని ఆ కోపంతోనే నోట్‌బుక్కు లాక్కుని తేదీ కింద రాసింది: "నూనె ఇద్దరికీ చాలదని అక్క ఆ రోజు నా జుట్టూ తన జుట్టూ కత్తిరించేసింది."

ఇది ఏ అరలోనూ దొరికేది కాదు. చెయ్యి ఆగలేదు. రెండున్నర పేజీలయ్యాక గడియారం చూస్తే ఇంటికి వెళ్ళే వేళయింది. వాక్యం మధ్యలోనే కలం మూసింది.

ఇంటికి చేరేసరికి కిటికీలోంచి ఇంకా వెలుతురు పడుతోంది. తోడు కూర్చున్న పక్కింటావిడ, పగలంతా ఏమీ తాగలేదని చెప్పి వెళ్ళింది.

"రాశాను," అంది బైండరమ్మ, అక్క చెవి దగ్గర వంగి, గొంతు పెంచి.

"ఉండు," అని అక్క తలగడ కింద తడిమి చెవి మిషను బయటకు తీసింది. మామూలుగా దాన్ని పెట్టుకోదు. డాక్టర్ల మాటలకు బ్యాటరీ దండగ అంటుంది. వణికే వేళ్ళతో తనే పెట్టుకుని స్విచ్చు వేసుకుంది. అది ఒకసారి కీచుమని సర్దుకుంది. "మామూలుగా చదువు. అరవక్కర్లేదు."

మొదటి వాక్యానికే అక్క చెయ్యెత్తింది. "నూనె కాదే, సబ్బు."

"నూనే బాగుందక్కా."

అక్క ఆలోచించింది. "సరే, నూనే ఉండనీ. చదువు."

రెండో పేజీలో, ఐదేళ్ళ పిల్ల బోడితలతో బడికి వెళ్ళనని మారాం చేసే చోట, అక్క పెదవులు కదిలాయి. దుప్పటి మీద వేళ్ళు ఆడాయి, కాసేపటికి ఆగాయి. ఊపిరి వినబడక బైండరమ్మ తలెత్తి చూసింది. అర్థమైంది. అయినా చదవడం ఆపలేదు. మిగిలిన పేజీ అంతా అదే గొంతుతో, అరవకుండా, సగం వాక్యం దాకా చదివింది.

"ఇంతవరకేనక్కా," అంది.

చాలాసేపటికి లేచి, అక్క చెంప మీద జుట్టు సర్ది, చెవి మిషను మెల్లగా తీసింది. వెచ్చగా ఉంది. గుప్పిట్లో పెట్టుకోగానే సన్నగా కూత మొదలుపెట్టింది. దాని స్విచ్చు ఇంకా వేసే ఉంది.