ఛఛ

నెత్తళ్ళ తలలు గిల్లడం పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. తల గిల్లి, పొట్టలోని నల్లటి పేగును గోటితో లాగెయ్యాలి. లేకపోతే సూపు చేదెక్కుతుంది. ఉప్పాడలో పుట్టిన బేబీకి ఈ పని ఒకరు నేర్పనక్కర్లేదు. కానీ సముద్రాలు దాటి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ దాకా వచ్చి, మళ్ళీ ఎండుచేపల ముందే కూర్చోవలసి రావడం తలుచుకుంటే ఆమెకు తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండుతుంది.

నెత్తళ్ళను పంది ఎముకలు మరుగుతున్న గుండిగలో వేసి, పక్క గిన్నెలో ఉడుకుతున్న వీపు కొవ్వును గరిటెతో నొక్కి చూసింది. ఇంకో గంట పడుతుంది. అంతలో పైనుంచి టక్‌మని చప్పుడు వచ్చింది.

"వస్తన్నానండీ బాబూ. కొంపలేం ములిగిపోలేదు," అంది సీలింగు వైపు చూసి.

పైన ఫ్లాట్‌లో ఉన్నది హోన్మా, నూడుల్స్ సూపు అమ్మే ఈ రామెన్ షాపు యజమాని. ఎనభై ఒక్కేళ్ళ జపాను మనిషి. ఫిబ్రవరిలో గుండె మొరాయించినప్పటి నుంచి మెట్లు దిగడం లేదు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన చేతికర్ర అడుగున రబ్బరు తొడుగు ఉంటే, నేలకేసి కొట్టినా కిందికి వినపడటం లేదని దాన్ని ఊడబీకి బేబీ చేతిలో పెట్టాడు. జారి పడతారని ఆమె మొత్తుకుంది. ఆయన వింటేగా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ రబ్బరును ఉప్పు డబ్బా పక్కన పెట్టి, నెలకోసారి పైకి తీసుకెళ్ళి చూపించేది. ఆయన నెలకోసారి తల అడ్డంగా ఊపేవాడు.

బేబీకి యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, ఎంత తోమినా గోళ్ళ సందున వదలని చేపవాసన. పెద్ద పేరు తర్వాత పెడదాంలే అని నాన్న వాయిదా వేస్తూ పోగా, పాస్‌పోర్టులోకి కూడా ఆ ముద్దుపేరే ఎక్కింది. డ్యూటీలు రాసే రోటాలో ఆ పేరు చూసి నవ్వనివాడు షెఫీల్డ్‌లో లేడు. భర్త ఆంజనేయప్రసాద్ ఒక ఇండియన్ టేక్‌అవేలో తందూరీ పొయ్యి దగ్గర పనిచేస్తాడు. తను పొగకంపుతో వచ్చినా ఫరవాలేదు గాని, ఆమె కోటు మాత్రం బాల్కనీలోనే తగిలించాలి. "ఆ పంది కంపు ఇంట్లోకి తేకే," అంటాడు రోజూ. ఆమె మాత్రం పంది తింటుందా ఏం? ఇన్నేళ్ళలో ఒక్క చుక్క నోట పెట్టలేదు. వాసన చూసి, చప్పుడు విని వండుతుంది.

ఆ చప్పుడు దగ్గరే మొదట్లో పేచీ వచ్చింది. ఉడికిన కొవ్వును జల్లెడలో వేసి బౌల్ మీద జల్లుతుంటే, హోన్మా పక్కన నిలబడి "ఛఛ, ఛఛ" అన్నాడు. ఆమె మొహం మాడిపోయింది. చెయ్యి ఆపితే మళ్ళీ "ఛఛ." పని చేతకాకపోతే చేతకాదని చెప్పాలి గాని ఎదురుగా నిలబడి ఈ ఈసడింపేమిటని, నాలుగో రోజున ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసింది. ఆయన బిత్తరపోయి, జల్లెడ అందుకుని తనే ఊపి చూపించాడు. ఛఛ, ఛఛ. అది జల్లెడ చప్పుడు. వాళ్ళ దేశంలో ఈ సూపును ఆ చప్పుడు పేరుతోనే పిలుస్తారట. ఛఛ అంటే తమ ఊళ్ళో ఏమిటో ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేసరికి కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. అప్పటినుంచి బస్సు రాకపోయినా, ఉల్లిపాయ కుళ్ళినా ఆయనా "ఛఛ" అనేవాడు, అచ్చం ఉప్పాడవాడిలా.

జపానులో హోన్మా వాళ్ళది స్పూన్లు, కత్తులు చేసే ఊరు. కార్ఖానాల్లో పనివాళ్ళకు మోసుకెళ్ళేలోగా సూపు చల్లారిపోకుండా పైన కొవ్వు మూతలా పరిచేవారట. ఆయన కూడా స్పూన్లకు మెరుగుపెట్టే పని మీదే షెఫీల్డ్ వచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని ఉండిపోయాడు. రిటైరయ్యాక ఊరి సూపు మీదికి మనసు పోయి ఈ షాపు తెరిచాడు.

పదింటికి బేబీ టీ పట్టుకెళ్ళింది. ఆయన కప్పు అందుకుని, కిటికీలోంచి వాన చూసి "ఛఛ" అన్నాడు.

కిందికి వచ్చేసరికి ఆయన కూతురు ఎమి నిలబడి ఉంది. ఆ పేరు పిలిచినప్పుడల్లా ప్రశ్న అడిగినట్టుంటుంది బేబీకి. వారంలో నాలుగు బౌల్స్ వెనక్కొచ్చాయని, జనం కొవ్వు చూసి భయపడుతున్నారని, షాపు నిలబడాలంటే మారక తప్పదని చెప్పుకొచ్చింది ఎమి. చివర్న గొంతు తగ్గించింది. ఇవాళ్టినుంచి బౌల్‌కి ఆరు జల్లింపులు కాదు, రెండే. డాడ్ కర్రతో కొడితే వినపడనట్టు ఉండమంది. ఆ మాట చెప్పి, మొహం చూపించలేక ముందు గదిలోకి పోయి తలుపు మూసుకుంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రోటా రాసేది కూతురు, జల్లెడ పట్టడం నేర్పింది తండ్రి. మధ్యలో నేనొకదాన్ని దొరికానని గొణుక్కుంది బేబీ.

మొదటి బౌల్ ఎప్పుడూ ఆయనకే. వంటింటి సీలింగులోంచి జల్లెడ చప్పుడు విని, చాలకపోతే ఒకసారి కొడతాడు, చాలితే రెండుసార్లు. పదకొండున్నరకు సోయాసాస్, సూపు, లావుపాటి నూడుల్స్ వేసి, బేబీ జల్లెడ ఎత్తింది. ఛఛ. ఛఛ. ఆగింది.

పైనుంచి ఏమీ రాలేదు.

అమ్మయ్య అనుకుంది ముందు. మరుక్షణం ఒళ్ళు మండింది.

"అలిగారా? మీ అమ్మాయి చెప్పింది, నేనేం చెయ్యనండీ?"

చప్పుడు లేదు. ఇక ఉండబట్టలేక మూడోసారి జల్లింది, నాలుగోసారి జల్లింది, ఆరు దాటినా ఆపలేదు. బౌల్ మీద గడ్డపెరుగు వేసినట్టు తెల్లబడింది. ఒక్క దెబ్బ కోసం తొమ్మిదేళ్ళలో ఆమె ఇంతగా చెవులు రిక్కించింది లేదు. గొణుక్కుంటూనే బౌల్ పట్టుకుని మెట్లెక్కింది.

ఆయన కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు, తల కొంచెం పక్కకు వాలి. టీ సగం తాగి ఉంది. కర్ర చేతిలోనే ఉంది. బేబీ ఆ చెయ్యి పట్టుకుంది. వెచ్చగా లేదు, పూర్తిగా చల్లబడనూ లేదు. రెండు జల్లింపులు విని పోయాడో, వినకముందే పోయాడో ఆ చెయ్యి చెప్పలేదు. వినకుండా పోయి ఉంటే బాగుండునని ఆమె మనసంతా కోరుకుంది.

బేబీ పిలిస్తే ఎమి వచ్చి నేలమీద కూలబడి, తండ్రి మోకాళ్ళు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత తలెత్తకుండానే, రెండే జల్లావా అని అడిగింది. ఆయన విన్నాడా అని అడిగింది.

బేబీ తెల్లటి బౌల్‌ను ఆమె ముందుకు జరిపి, తనకొచ్చిన ఇంగ్లీషు కూడదీసుకుంది. "నేను నీ మాట వినలేదమ్మా. ఎప్పటిలాగే జల్లాను. చాలని రెండుసార్లు కొట్టారు."

ఎమి ఆమె చేపవాసన చేతిని చెంపకు ఆనించుకుంది.

అంబులెన్స్‌వాళ్ళు వచ్చాక బేబీ కిందికి దిగి పొయ్యి కట్టేసింది. మరుగు ఆగిపోయిన గుండిగ ముందు నిలబడి, "ఛఛ, ఇదేం మనిషండీ, చెప్పా పెట్టకుండా," అంది సీలింగుతో. ఉప్పు డబ్బా పక్కన చేతికర్ర రబ్బరు ఉంది, అడుగున ఒక్క గీతా అరగకుండా.