చీపురు పుల్ల కొలత

నేను హాలు ఊడుస్తున్నాను. గోడకు ఆనించిన అన్నయ్య రేసు సైకిలు దాకా వచ్చి, రోజూలాగే దాన్ని పక్కకు జరపబోయాను. వెనక చక్రం దగ్గర చూపు ఆగింది. గేరు మార్చినప్పుడు చైన్‌ను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకు తోసే డిరైలర్ నిటారుగా లేదు. దాని కింది కొస స్పోకుల వైపు ఒరిగింది.

ఎనిమిదింటికి అన్నయ్యకు పందెం ఉంది. అందులో ముందున్న ఆరుగురినే జట్టులోకి తీసుకుంటారు. ఇప్పుడు ఆరున్నర.

అన్నయ్య తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటే మౌనీ, నా సైకిలుకు దిష్టి పెడుతున్నావా?"

"వంగింది," అన్నాను.

అతను వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ గేర్లు మార్చి చూశాడు. పెద్ద పళ్ళచక్రం మీదకు వచ్చేసరికి డిరైలర్ స్పోకులకు తగిలి టకటకమంది. వెంటనే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఒక స్క్రూ బిగిస్తాడు, ఇంకోటి వదులు చేస్తాడు, నోరు మాత్రం ఆగదు. "షాపువాడు పదింటికి గానీ తెరవడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇది స్పోకుల్లో పడిందంటే నా పని గోవిందా. నిన్న పొద్దున బాగానే ఉందే!"

వంటగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "నిన్న సాయంత్రం దానిమీద దుప్పట్లు ఆరేశాన్రా. బరువుకు పడింది. మళ్ళీ నిలబెట్టాగా!"

"అది సైకిలా, దండెమా అమ్మా?"

"ఏడాదిగా హాల్లో అడ్డంగా ఉంది. ఏదో ఒక పనికి రావద్దూ?"

"స్క్రూలు వదిలెయ్ అన్నయ్యా, తప్పు అక్కడ లేదు," అన్నాను. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే వేలెడంత అల్యూమినియం ముక్కను చూపించాను. "ఈ హ్యాంగర్ వంగింది. వెనక్కి లాగొచ్చు. కానీ ఎక్కువ లాగి, మళ్ళీ ఇటు వంచామంటే పుటుక్కుమంటుంది. పోయినేడాది నా సైకిలుది అలాగే విరగ్గొట్టాను. ఆ ముక్క ఇంకా నా సూదుల డబ్బాలోనే ఉంది."

"ఇదీ విరిగితే?"

"ఇవాళ పందెం లేదు."

"ఎంత నిదానంగా చెప్తుందో చూడు!"

"తర్వాత రెండు బాగుచేశాను. అవి విరగలేదు. ఫ్రేము గట్టిగా పట్టుకో. మాట్లాడకు."

"మాట్లాడితే ఇంకా వంగుతుందా?"

"నాకు లెక్క తప్పుతుంది."

డిరైలర్ బోల్టు విప్పి దాన్ని చైన్‌కే వేలాడనిచ్చాను. బాల్కనీలోంచి నా పాత సైకిలు వెనక చక్రం తెచ్చి, దాని ఇరుసు కొసను హ్యాంగర్ రంధ్రంలోకి చేత్తో తిప్పాను. మర సరిగ్గా పట్టింది. ఇప్పుడు రెండు చక్రాలు పక్కపక్కన నిలబడ్డాయి. హ్యాంగర్ తిన్నగా ఉంటే రెండింటి మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉండాలి. చీపురులోంచి పుల్ల తీసి, పైన ఉన్న ఎడానికి సరిపడా తుంచాను. కింద పెడితే పట్టలేదు. రెండు వేళ్ళ తేడా.

నా చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కింది భాగాన్ని నావైపు లాగాను. కొంచెం. వదిలి, కొత్త పుల్లతో మళ్ళీ కొలిచాను. వేలున్నర. లోహం లొంగేటప్పుడు చేతికి తెలుస్తుంది, చపాతీ పిండిలా మెత్తగా కాదు, తడి తాడు సాగినట్టు. అక్కడే ఆపాలి. నాలుగోసారికి పుల్ల పైనా కిందా ఒకేలా దూరింది. ముందూ వెనకా కూడా చూశాను. చాలు.

"ఇంకొంచెం లాగు, ఖాయంగా ఉంటుంది," అన్నాడు అన్నయ్య.

"పోయినేడాది నేనూ అదే అనుకున్నాను."

నేను డిరైలర్ బిగించి, అతను తిప్పిన స్క్రూలన్నీ మళ్ళీ సర్ది, పెడల్ తిప్పాను. చైన్ ఒక్కో మెట్టే ఎక్కి పెద్ద పళ్ళచక్రం మీద కూర్చుంది. టకటక లేదు. అన్నయ్య వంగి, తనే ఇంకో మూడుసార్లు గేర్లన్నీ మార్చి చూశాడు.

"ఇల్లింత నిశ్శబ్దంగా ఉందేంటి? వాడు వెళ్ళిపోయాడా?" అంది అమ్మ.

వెళ్ళలేదు. హెల్మెట్ పెట్టుకున్నాడు. నేలమీది ఆఖరి పుల్లను తీసి చొక్కా వెనక జేబులో పెట్టుకున్నాడు. సైకిలును భుజానికెత్తుకుని గడప దాటాడు.