గోడల సందులో ఊదా పూలు

వంటింటి వెనక రెండు గోడల మధ్య సందులో ఎండ పడదు. తోడికోడళ్ళిద్దరూ అక్కడ బంతి వేశారు, గులాబీ వేశారు. ఏదీ బతికి బట్టకట్టలేదు. చివరికి నర్సరీ అతను ఒక మొక్క వేళ్ళ ముద్ద చేతిలో పెట్టి, దీనికి నీడే ఇష్టమన్నాడు. చలికి ఆకులన్నీ ఎండిపోయినా వేరు చావదని, మళ్ళీ చిగురిస్తుందని, పూత చూడాలంటే మాత్రం రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలని చెప్పాడు.

పెద్దామె గొయ్యి తవ్వింది. చిన్నామె కుళ్ళిన ఆకుల ఎరువు కలిపి నాటింది. "మూడేళ్ళెంతలోకి వస్తాయే, మనమెక్కడికి పోతాం?" అంటూ పెద్దామె చేతులు కడుక్కుంది.

మొదటి పూత రాకముందే వాళ్ళ భర్తలైన అన్నదమ్ములిద్దరికీ చెడింది. ఇంటి ముందుగదిలో ఇద్దరూ కలిసి కుట్టుషాపు నడిపేవారు. గిరాకీ తగ్గుతోంది, రెడీమేడ్ బట్టలు పెడదామన్నాడు తమ్ముడు. ఎవరో కుట్టినవి నేనమ్మడమేమిటన్నాడు అన్న. మాటా మాటా పెరిగింది. అన్న తన మిషనునీ ఇస్త్రీపెట్టెనీ భార్యనీ తీసుకుని, ఈ గడప మళ్ళీ తొక్కనని చెప్పి, ఊరికి అటు చివర అద్దెకు దిగాడు.

ఆడవాళ్ళ మధ్య ఏ తగువూ లేదు. అయినా ఫోన్ చేస్తే ఇటు తమ్ముడు, అటు అన్న చెవులు రిక్కించుకుని కూర్చునేవారు. తిన్నారా, పిల్లలెలా ఉన్నారు అన్న దగ్గరే మాటలు అయిపోయేవి. మెల్లగా ఆ ఫోన్లూ తగ్గిపోయాయి.

చిన్నామెకు ఆ సందు మిగిలింది. పొద్దున్నే ఆకుల అడుగున చేరిన నత్తల్ని ఏరి పారేసేది. మట్టి ఆరిపోకుండా, నీళ్ళు నిలవకుండా చూసేది. ఉల్లిపాయలు తరుగుతూ ఏదో గుర్తొచ్చి నవ్వి, "అక్కా" అని పక్కకు తిరిగేది. పక్కన పొయ్యిగట్టు తప్ప ఏమీ ఉండేది కాదు.

మూడో ఏట ఆకుల మధ్య నుంచి పొడవాటి కాడలు లేచాయి. వాటి నిండా లేత ఊదా పూలు, చిన్న చిన్న గంటల్లా తలలు వంచుకుని. భర్తను పిలిచి చూపించింది. బాగున్నాయని చెప్పి అతను షాపులోకి వెళ్ళిపోయాడు. బాగానే ఉన్నాయి. కానీ ఆ మాట ఆమె వినాలనుకున్నది అతని నోట కాదు. పూలు వాడిపోయేదాకా ఆమె ఆ సందులో ఎక్కువసేపు నిలబడలేకపోయింది.

చలి వెళ్ళి, కొత్త చిగుళ్ళు మట్టిని పొడుచుకొస్తున్నప్పుడు, దుబ్బు మరీ గుబురైతే ఇప్పుడే చీల్చి వేరే చోట కూడా నాటాలని నర్సరీ అతను చెప్పాడు. ఆమె దుబ్బును పెకలించి కత్తితో రెండు చేసింది. ఒక సగం మళ్ళీ అక్కడే నాటింది. రెండో సగం తడి గోనెగుడ్డలో చుట్టి, బావగారింటికి వెళ్ళొస్తానని భర్తకు చెప్పింది. అతను వెళ్ళమనలేదు, వద్దనలేదు. ఆమె బస్సెక్కింది.

తలుపు తీసింది బావగారు. మెడలో టేపు, చొక్కా మీద దారపు పోగులు. పెద్దామె ఇంట్లో లేదు. ఏదో ఆసుపత్రిలో దుప్పట్లు చూసుకునే పనికి కుదిరిందట, చీకటి పడితేగాని రాదట. తన పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు చిన్నామె ఇంట్లో ఉండాలి. ఆమె గోనెమూట గడప పక్కన దించింది.

ఆయన గోనెమూట వైపు చూశాడు.

"తమ్ముడు పంపాడా?"

"లేదు బావగారూ. నేనే తెచ్చాను."

ఆయన తలూపాడు. ఇంకో జవాబు కోసం ఎదురుచూసిన మనిషి తలూపినట్టుంది అది.

మెట్ల కింద, గోడ నీడలో చోటు చూపించాడు. కత్తెర తప్ప మరోటి పట్టని చేత్తో పారతో తంటాలు పడ్డాడు. అంత లోతు వద్దని, చిగురు పైకే ఉండాలని ఆమె పక్కన నిలబడి చెప్పింది. తర్వాత ఆయనే టీ పెట్టాడు, పంచదార వేయడం మరిచిపోయాడు. ఆమె అలాగే తాగేసి లేచింది.

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. పెద్దామె.

"ఏమే, నేను లేనప్పుడే రావాలా నువ్వు?"

చిన్నామె ఫోన్ పట్టుకుని గోడవార కూర్చుంది.

"ఈ ఏడు పూస్తుందా?"

"పూయదక్కా. వేరు కదిపాం కదా, అలుగుతుంది. వచ్చే ఏడు చూడాలి."

"మరి నీ దగ్గర పూసినప్పుడు ఎలా ఉందో చెప్పు. మెల్లగా చెప్పు, నాకేం తొందర్లేదు."

కాడ ఎంతెత్తు లేచిందో, ఏ పువ్వు ముందు విచ్చిందో, వానకు ఎలా వాలిపోయి మళ్ళీ లేచిందో, ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. అవతల పెద్దామె ఊ కొడుతూనే ఉంది. ఇవతల భర్త టీవీ శబ్దం తగ్గించాడు.

ఆమె ఫోన్ పెట్టేశాక అతను టీవీ కట్టేశాడు.

"అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుంటున్నాడా?" అన్నాడు.

"లేదు. నాకైతే కనబడలేదు."

"మరి ఇప్పుడు సూదిలో దారం ఎవరెక్కిస్తున్నారు?"

ఆమెకు తెలియదు. అడగాలని తోచనైనా లేదు. అతను తన వేళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

"రేపు వదినను అడుగు," అన్నాడు.