చందమామకు తొమ్మిది నెలల దారి

మరి ఐసో, తొమ్మిది నెలల దారికి ఐసెంత వేసుకోవాలి, అని సోములుకు మళ్లీ అదే ఆలోచన, వ్యాను వెనక సొంతూరు సోనేపూర్ చేపల బుట్టలు కిర్రుమంటున్నాయి, వాటిని దించాల్సిన గేట్ బజార్ ఇంకా దూరమే, నిన్న సాయంత్రం కాలేజీలో చదివే కూతురు చిన్నమ్మి లెక్క కట్టి మరీ చెప్పింది, నాన్నా, మన బండి గంటకి అరవై సొప్పున ఆగకుండా పైకి ఎల్తే సందమామ కాడికి తొమ్మిది నెలలు, చేపలు తోముతున్న భార్య కాసమ్మ, తొమ్మిది నెలలేనా, నిన్ను నాను మొయ్యలేదేటే అంది, ముగ్గురూ ఎంత నవ్వుకున్నారో, పిల్ల మాత్రం వదల్లేదు, పైన గాలుండదు, ఇంజను ఆగిపోద్ది, సక్రానికి పట్టు దొరకదు, గాలీ రోడ్డూ ఉన్నాయనుకో నాన్నా, అనుకున్నాను గానీ ఐసు సంగతేటే అన్నాడు తను, చేపల వ్యాను నడిపేవాడికి ఇంకేం తోస్తుంది.

గేట్ బజార్‌లో దూరం పనులకు మనుషుల్ని పంపే మేస్త్రీ కాచుకుని ఉంటాడు, ఇవాళ మాట చెప్పేయాలి, సూరత్‌లో లారీ తోలే పని, సరేనంటే ఎల్లుండే రైలు, నీకేటనిపిస్తే అది సెయ్యి అంది కాసమ్మ, ఆ మాటే మింగుడు పడటం లేదు, పక్కింటి అసిరయ్య వెళ్లలేదా, మొదటి ఏడు ఫోనులో ఏడ్చాడు, రెండో ఏడు నవ్వాడు, మూడో ఏడు వాళ్లమ్మకు జ్వరమని చెబితే, అలాగా, ఎవులైనా సూస్తన్నారా అన్నాడు, చెడ్డవాడు కాడు అసిరయ్య, మరి ఏమైందతనికి, ఆవు అడ్డం వచ్చింది, బ్రేకు వేస్తే బుట్టల బరువంతా ముందుకొచ్చి పడింది, బరువు, అవును, అదే కదా పిల్ల చెప్పింది, ఆరువేల నాలుగొందల కిలోమీటర్లు ఎక్కీసరికి సగం కస్టం అయిపోద్ది నాన్నా, అక్కడ నీ అరవై కేజీలు పదిహేనే, ఆపైన ఇంకా తేలిక, సివరాకర్న సందమామే లాగీసుకుంటాది, మంచిదే కదే అన్నాడు తను నిన్న, ఇప్పుడు కాదనిపించింది, సూరత్‌లో ఉండలేనేమోనని కదా ఇన్నాళ్లూ భయపడ్డాడు, కాదు, ఉండగలడు, అలవాటు పడిపోతాడు, కాసమ్మా చిన్నమ్మీ పావు బరువైపోతారు, అప్పటికి ఆ సంగతి తనకే తెలియదు.

బుట్టలు దించారు, మేస్త్రీ టీ తాగుతూ, ఏటి సోములూ, టికెట్టు తీసీమంటావా అన్నాడు, నాను రాను మేస్త్రీ అన్నాడు సోములు, ఏటి, అక్కడ కస్టమనా, కస్టమైతే వచ్చీవోడినే, కొన్నాళ్లకి కస్టం ఉండదు, అందుకే రానంటన్నాను, మేస్త్రీ అతన్ని ఎగాదిగా చూశాడు, సోములు ఖాళీ వ్యాను ఎక్కి సోనేపూర్ వైపు తిప్పాడు, ఇంట్లో ఇద్దరి భారమూ మొత్తంగా తన మీదే ఉంది, ఇంతకన్నా హాయిగా ఎప్పుడూ లేడు.